బీరు మరకు మా అవ్వ సలహా

చీర నచ్చకపోతే ఆడపడుచుకు పెట్టెయ్యొచ్చు. గిన్నె నచ్చకపోతే అటక ఎక్కించొచ్చు. పిండిమర అలా కాదు సుమండీ! ఒకసారి కొన్నామంటే ఏళ్ళ తరబడి కళ్ళెదుట తిష్ఠ వేసుక్కూర్చుంటుంది. మనకు కావలసింది పిండా, రవ్వా, పప్పా అన్నది ముందే తేల్చుకోకుండా కొన్నవాళ్ళు దానిమీద గుడ్డ కప్పి, గుడ్డమీద పూలకుండీ పెట్టుకోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

మాది ఇబ్రహీంపట్నం. 1550 నుంచి 1580 దాకా గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తున్న ఊరు. పెద్ద చెరువు ఎంత ప్రసిద్ధో, నా చిన్నతనంలో మాకు గిర్ని అంత ప్రసిద్ధి. గిర్ని ముందు డబ్బా పెట్టుకుని కాసేపు నిలబడితే చాలు, ఊరి సంగతులన్నీ తెలిసిపోయేవి. జొన్నల ఇంట్లో హఠాత్తుగా గోధుమలు పట్టిస్తున్నారంటే పెద్దాయనకు షుగరు వచ్చిందన్నమాట. మొలకెత్తించి ఎండబెట్టిన తైదలు తెచ్చారంటే కూతురి పురుడు అయిందన్నమాట. పసిబిడ్డకు మాల్టు కావాలి కదా!

ఈ మాల్టు అన్న మాటే పోయినేడు నన్ను ఇరకాటంలో పెట్టింది.

డాలస్ నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఇంట్ల బీరు చేసుకుందామనుకుంటున్న. మాల్టు పట్టే మర ఏది కొనమంటవు? నీకు మరల సంగతి బాగ తెలుసు గదా!"

నవలలు రాసే అక్కకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది చెప్పండి!

పది నిమిషాలు కాలేదు, మరదలి ఫోను. "వదినా, మీరొద్దంటే ఆయన ఇంటరు. శనివారం రెండు సీసాలుండె. ఈ మధ్య శుక్రవారం గూడ మొదలైంది. ఇగ మర గూడ ఇంటికొస్తే..." ఆ పైన మాట పూర్తి చెయ్యలేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంట్లో తయారయ్యే తాగుడు అనగానే నాకు ముక్కుకు తగిలేది గుడుంబా వాసన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నేనింకా పావడాలు కట్టే పిల్లను. 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దానికి సడలింపు. ఇవన్నీ పేపర్లో చదివింది తక్కువ, మా వాడలో ఆడవాళ్ళ మొహాల్లో చూసింది ఎక్కువ. పుస్తెలు కుదువపెట్టి మొగుడికి మందులు తెచ్చిన ఒకావిడ మా అరుగు మీదే కూర్చుని ఏడ్చేది.

ఇక్కడైతే జవాబు సులువు. మన 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చెయ్యడం నేరం. వాడుండేది అమెరికాలో. అక్కడ 1978లో కార్టరు సంతకం చేసిన చట్టం ప్రకారం, పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి రెండు వందల గ్యాలన్లు అమ్ముకోకుండా చేసుకోవచ్చట. అంటే సుమారు 750 లీటర్లు! చట్టం చెయ్యి వదిలేస్తే మిగిలేది అక్క చెయ్యే కదా.

వద్దనడం నాకు పెద్ద పని కాదు. కానీ వద్దంటే దుకాణంలో కొనుక్కుంటాడు. ఆ లెక్క మరదలికి తెలిసేదెట్లా? అందుకని మర సంగతి తర్వాత, ముందు శుక్రవారం సంగతి చెప్పమన్నాను. ఫోనులో చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత చెప్పాడు. ఉద్యోగం గురించి, నిద్ర పట్టకపోవడం గురించి చెప్పాడు. అవన్నీ ఇక్కడ రాయను.

ఆ తర్వాతే మర గురించి మాట్లాడుకున్నాం. వాడు మొదట మిక్సీ చాలనుకున్నాడు. మిక్సీ కత్తులు బార్లీని, పొట్టును కలిపి నుసి చేసేస్తాయి. ఆ నుసి వేడినీళ్ళలో సంకటిలా కూర్చుంటే తియ్యటి రసం కిందికి దిగదు. పైగా నలిగిన పొట్టు వగరు వదులుతుంది. పొట్టు పెద్ద పెద్ద రేకులుగా ఉండి, లోపలి గింజ మాత్రం పగలాలి. ఆ పొట్టే జల్లెడ అన్నమాట! మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా మార్చే పని గింజ పగిలితేనే సాగుతుంది.

వాడు చదివి చెబుతుంటే నాకు మా అవ్వ కళ్ళకు కట్టింది. కందులు విసిరే రోజున అవ్వ ఇసుర్రాయి నడిమి మేకుకు గుడ్డపేలిక చుట్టి పై రాయిని కాస్త ఎత్తేది. నేను గుప్పెళ్ళకు గుప్పెళ్ళు పోస్తుంటే చెయ్యి పట్టుకునేది. "పిల్లా, గింజను సంపొద్దు. పలగ్గొట్టాలె, అంతే." జొన్నపిండి రోజున ఆ పేలిక తీసేసేది. రాయి అదే, ఎడం వేరు.

తమ్ముడి ముందు మూడు దారులున్నాయి. మొక్కజొన్న కోసం తయారైన ఇనుప చేతిమర చవక, కానీ దాని బిళ్ళలు గింజను నలిపేస్తాయి. అవ్వ ఇసుర్రాయిదీ అదే గుణం. గుడ్డసంచిలో వేసి నానబెట్టేవాళ్ళకు ఫరవాలేదట, సంచే వడకడుతుంది కాబట్టి. రెండోది జంట రోలర్ల మర, మూడోది మూడు రోలర్లది. నేను జంట రోలర్లదే కొనమన్నాను, ఎడం మార్చుకునే వీలున్నది. మిల్లీమీటరు దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలట. క్రెడిట్ కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి కొందరు దాన్నే కొలతకర్రగా వాడతారట. ఆ కార్డుకు అంతకన్నా మంచి ఉపయోగం నేను వినలేదు! మర వంటింట్లో వద్దని కూడా చెప్పాను. గింజల దుమ్ములో బీరును పులిపించే సూక్ష్మజీవులుంటాయి.

మరదలికి నేను చెప్పింది వేరు. మర ఇంటిది, ఆయనది కాదు. ఒక విడతకు ఐదు కిలోల గింజలు, పంతొమ్మిది లీటర్లు, యాభై సీసాలు. ప్రతి సీసాకూ తేదీ వెయ్యి, పుస్తకం నీ దగ్గర పెట్టుకో. శుక్రవారం సీసా తెరిస్తే నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఆమె ఒప్పుకుంది గానీ సంతోషంగా కాదు. ఆమె స్థానంలో నేనున్నా అంతేనేమో.

మర వచ్చింది. గ్యారేజీలో పెట్టారు. మొదటి మూడు వారాల్లో అర్ధరాత్రి ఫోను రెండుసార్లు మోగింది. తర్వాత మోగలేదు. మధ్యలో ఎప్పుడో మరదలు అదే మరలో ఎడం తగ్గించి గోధుమరవ్వ పట్టిందట. ఉప్మా బాగా కుదిరిందని ఫొటో పంపింది.

నిన్న మళ్ళీ మాట్లాడాం. "మూడు నెలలైంది వదినా, ముప్పై ఒకటి మిగిలినయి" అంది పుస్తకం తిప్పుతూ. వెనకనుంచి తమ్ముడి కేక: "అక్కా, కందులు పలగ్గొట్టాలంటే ఎంత ఎడం పెట్టాలె?"

"ముందు గుప్పెడు వేసి చూడు" అన్నాను.