ఏటికొప్పాకలో భరిణె మూత

వరాహానది యొడ్డుననున్న ఏటికొప్పాకకు మేము బొమ్మలు కొనుటకై పోలేదు. మా అత్తగారి కుంకుమ భరిణె మూత పగిలినది. ఆమె గతించి యేడేండ్లయినది. క్రొత్తది కొనుక్కొమ్మని మావారనిరి. సోదరీమణులారా, భరిణె కొనవచ్చును గాని, ముప్పదియేండ్లు ఒకరి వ్రేళ్లు తగిలిన భరిణె యంగడిలో దొరకునా? కావున పాతదానికే మూత చేయింపనెంచి, దానిని చీరకొంగున మూటగట్టి బయలుదేరితిమి.

ఈ యూరు అనకాపల్లి జిల్లాలో యలమంచిలికి సమీపమున నున్నది. ఇచటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్ర దినమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముపై ఊరేగినవియు నీ బొమ్మలే. వీథులలో మాత్రమే యాడంబరమును లేదు. తరిమెన తిరుగు రొద, అంకుడుకర్ర పొట్టు, వేడి లక్క వాసన, అంతే.

మేము చేరిన యింటి వృద్ధశిల్పి భరిణె నందుకొని, బొటనవ్రేలు లోపలికి పోనిచ్చి చుట్టు త్రిప్పి, “దీని నోరు గుండ్రం తప్పిందమ్మా” అనెను. కర్ర ఆరుకొలది పీచుకు అడ్డముగా కుదించుకొనును గాని పొడవున అంతగా కుదింపదట. గుండ్రని మూత చేసిన ఒకవైపు బిగియును, ఒకవైపు వదులగును. మా గుండె జారినది.

ఆయన మాత్రము తొందరపడక పనిముట్లు పరచెను. వానిలో కొన్ని కోయు ఉలులు, కొన్ని గోకు ఉలులు. కోయు ఉలి వాలు కర్రనానుకొని సాగి పేలికలు తీయును. గోకు ఉలి దళసరి యినుపపట్టె. దాని మొన సుమారు 70, 80 డిగ్రీల మొద్దువాలుగా నుండును. చూచుటకు మొండిదే. అయితే సానపట్టినప్పుడు అంచున కంటికానని సన్నని ముల్లు లేచును. పని చేయునది ఆ ముల్లే. అది యున్నంతసేపు పలుచని చుట్టలు రాలును. అరిగినపిదప పిండివలె పొడి మాత్రమే రాలును. అప్పుడు బలముగా నొత్తక, మరల సానకు పోవలెను. మొద్దుబారిన కోరాముపై కొబ్బరిచిప్పను నొక్కిన గతియేమో మనకు తెలియనిదా?

భరిణె లోపలికి గుండ్రపుమొన, మూత యంచునకు చదరపుమొన వాడెను. గుండ్రపుమొన వంపు గిన్నె వంపుకంటె కొంచెము చిన్నదిగా నుండవలెనట. రెండును సరిసమానమైనచో అంచంతయు నొక్కసారి కరచి, ఉలి వణకి, కర్రపై గీతలు పడును. ఆనుడుపట్టెను కర్రకు దగ్గరగా జరుపవలెను. ఉలి ఎంత ముందుకు సాగునో అంత దళసరి గలది కావలెను. పాత ఆకురాయిని సానపట్టి వాడరాదా యని మేమడుగగా, అది పెళుసని, తిరుగు కర్ర తగిలి విరిగినచో ముక్క కంటికి తగులునని వారించెను.

మా యుత్సాహము చూచి ఒక పనికిరాని ముక్కపై ఉలి పట్టనిచ్చెను. “పిడి కాస్త పైకి, మొన కాస్త కిందికి” అని చెప్పనే చెప్పెను. రెండు క్షణములు బాగుగనే గోకితిమి. వెంటనే ఏదో గర్వము కలిగి చేయి దించితిమి. మొన పైకి లేచినది. టప్పున చప్పుడు! ముక్క పగిలి గోడకు తగిలినది. ఆయన నవ్వి, “పైకి చూస్తే కర్ర లోపలికి లాక్కుంటుందమ్మా. కిందికి చూస్తే తప్పుకుంటుంది” అనెను. అంతట చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి.

మూతను ముందు కొంచెము పెద్దదిగానే తరిమెనపట్టి, లక్క పూసి, మొగలియాకుతో మెరుగుపెట్టెను. పిదప తరిమెననుండి తీసి, దాని పెదవిని రెండువైపుల మాత్రమే చేతితో గోకసాగెను. గోకును, భరిణెపై పెట్టిచూచును, మరల గోకును. పదునొకండవ పర్యాయమునకు చిన్నగా నిట్టూర్చినట్లు గాలి వెలువడి మూత కూర్చున్నది.

అది యొక పక్కగా పెట్టినప్పుడే సరిపడును. గుర్తుకై మూతమీద నొకటి, భరిణెమీద నొకటి పసుపువన్నె లక్కచుక్కలు పెట్టియిచ్చెను. ఇప్పుడు ప్రాతఃకాలమున కుంకుమ ధరించి, చుక్కకు చుక్క కలిపి మూయుచున్నాము.