యోగం, రూఢి, ఒక దీపం డబ్బా

మండపం అన్న మాటను విడదీసి చూస్తే గంజి త్రాగేవాడు అన్న అర్థం వస్తుంది. మండమంటే గంజి, ‘ప’ అంటే త్రాగేవాడు. అయినా పెళ్ళిమండపానికి దారెటు అని అడిగినవానికి ఎవరూ గంజికుండ చూపరు. పదం పుట్టుక ఇచ్చే అర్థాన్ని యోగమనీ, వాడుక ఇచ్చే అర్థాన్ని రూఢి అనీ మన శాస్త్రకారులు వేరు చేశారు. పంకజం వంటివి రెండింటినీ కలుపుకొని యోగరూఢాలయ్యాయి. ముప్పై యేళ్ళకు పైగా బడిలో ఈ ముక్కలే చెప్పినవాణ్ణి. వ్యాపార సంస్థల గుర్తులకు కూడా ఈ విభాగం అతికినట్టు సరిపోతుందని మాత్రం, డిజైను చదువుతున్న మా మనవరాలి పుణ్యమా అని ఇటీవలే గ్రహించాను.

స్టేట్ బ్యాంకు గుర్తునే చూడండి. నీలి వృత్తం, నడుమ చిన్న రంధ్రం, దాని నుండి క్రిందికి ఒక చీలిక. 1971లో శేఖర్ కామత్ రూపొందించినది. తాళంచెవి రంధ్రమని కొందరంటారు, చెరువని కొందరంటారు. మా వంటి పింఛనుదారులకు మాత్రం అది ఒకటవ తేదీ! 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ మొదలైన అనుబంధ బ్యాంకులు అందులో కలిసినప్పుడు అక్షరాల తీరు మార్చారు గాని నీలి వృత్తాన్ని కదపలేదు.

దూరదర్శన్ గుర్తు ఇంకా విచిత్రం. ఒక గోళం, దానిని పొదువుకొన్న రెండు వంపులు. 1970ల నాడు అహమ్మదాబాదు జాతీయ డిజైను సంస్థలో విద్యార్థిగా ఉన్న దేవాశిష్ భట్టాచార్య గీశారు. ఆయన గీసిననాడు ఆ వంపులలో ఆదివారపు రామాయణం లేదు, క్రికెట్టు లేదు. అవన్నీ తరువాత మనం పోసినవి.

ఇక 2010 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూపాయి చిహ్నం. బొంబాయి ఐఐటీలో డిజైను పరిశోధన చేసిన ఉదయకుమార్ దేవనాగరి ‘ర’నూ, రోమను ‘ఆర్’నూ ఒక్క రూపంలో కలిపారు. అదే సంవత్సరం యూనికోడులో దానికి స్థానం దొరికింది. అయినా ఫాంట్లలోకి చేరేదాకా చాలా కంప్యూటర్లలో అది డబ్బాగానే కనబడింది. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూసి చూసి అలసిన మనకు ఆ అవస్థ వేరే చెప్పనక్కరలేదు.

గుర్తును డిజైను విద్యార్థి చూసే చూపు వేరు. బాగుందా, బాగులేదా అన్నది వారికి మొదటి ప్రశ్న కాదు. గోరంత చేసినా పోల్చుకోగలమా? రంగు తీసివేస్తే నిలుస్తుందా? సిరా సరిగా అంటని రబ్బరు స్టాంపులో ఏమవుతుంది? చదువు రానివారు దానిని ఏమని పిలుస్తారు? ఈ కడపటి ప్రశ్న విని నాకు ముచ్చట వేసింది. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలు చదవలేని కోట్లాది ఓటర్ల చేత గుర్తుల సాయంతోనే గదా సాగాయి.

నిరుడు మనవరాలికి కళాశాలలో ఒక అభ్యాసమిచ్చారు. తెలిసిన సంస్థనొకదానిని తీసుకొని దాని ముద్రను తిరిగి తీర్చాలి. ఆమె మా తమ్ముడి నువ్వులనూనె వ్యాపారాన్ని ఎంచుకొన్నది. గానుగతో మొదలైన ఆ వ్యాపారానికి మా తండ్రిగారి పేరు. డబ్బా మీద అయిదు వత్తుల దీపపు సెమ్మె. ఊళ్ళో బోర్డులు వ్రాసే పెయింటరు వేసిన బొమ్మ. తమ్ముడు పోయాక నడుపుతున్న వాడి కొడుక్కి పేరూ బొమ్మా రెండూ మార్చాలని పట్టుదల. “పెదనాన్నా, సూపర్ మార్కెట్ల వాళ్ళు ఈ డబ్బాను అరలో పెట్టుకోమంటున్నారు. తాతగారి మీద మమకారంతో అప్పు తీరదు గదా” అన్నాడు. వాడి మాటలో న్యాయముంది. బ్యాంకు అప్పు ఉంది, పదకొండుమంది పనివాళ్ళ జీతాలున్నాయి.

మనవరాలు నాలుగు రోజులు కిరాణా కొట్ల ముందు నిలబడి విన్నది. మా తండ్రిగారి పేరు చెప్పి నూనె అడిగినవారు ఒక్కరూ లేరు. “దీపం డబ్బా ఇవ్వవయ్యా” అన్నవారే అందరూ. ఈ సంగతి నాకు మెల్లగా చెప్పింది. నొచ్చుకోలేదని చెప్పను. నాన్నగారి పేరు ఊరి నోట ఉందనుకొని ఇన్నేళ్ళు బ్రతికాము, ఉన్నది దీపం.

అలాగని ఆమె పాత బొమ్మను ఉన్నదున్నట్టు ఉంచమనలేదు. “ఫోనులో చూడు తాతయ్యా, నూనె మరకలాగా ఉంది” అన్నది. నగిషీ తీసివేసింది. గొలుసు తీసివేసింది. కాండం, ప్రమిద, జ్వాలలు మిగిలాయి. అయిదు జ్వాలలను మూడు చేసి కొట్టులో చూపితే, “ఇది వేరే కంపెనీదా అమ్మా?” అన్నాడట కొట్టతను. మళ్ళీ అయిదు చేసింది. రూఢికి హద్దు ఎక్కడుందో ఏ శాస్త్రమూ చదవని ఆ మనిషి ఒక్క మాటలో చెప్పాడు. అమెరికాలో గ్యాప్ అనే బట్టల సంస్థ 2010లో ఇరవై యేళ్ళ నీలి చతురస్రాన్ని మార్చి, కొన్నవారి నిరసనతో వారం తిరక్కుండానే పాతదానికి తిరిగి వచ్చిందట. వారికా మాట చెప్పే కొట్టతను ముందుగా దొరకలేదు కాబోలు.

మారే హక్కు సంస్థలకు లేదని నేననను. సత్యం అన్న మాటకు యోగార్థం ఎంత గొప్పదైనా, 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడిన తరువాత ఆ కంపెనీ పేరుగా దాని రూఢ్యర్థం వేరయింది. ఆ యేడే అది మహీంద్రా సత్యమై, 2013లో టెక్ మహీంద్రాలో కలిసి, ఆ మాటే లేకుండా పోయింది. అక్కడ మనుషుల కొలువులు నిలవడానికి మాట పోవలసి వచ్చింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బోర్డు మారింది, పాసుపుస్తకం మారింది. మా పేటలో ఆటోవాళ్ళకు మాత్రం అది నేటికీ ‘ఆంధ్రా బ్యాంకు సందు’.

గుర్తుకు యోగార్థం గీసినవారిస్తారు, రూఢ్యర్థం వాడినవారిస్తారు. మొదటిది సంస్థ సొత్తు, డబ్బిచ్చి కొనుక్కొన్నది. రెండవది జనం అరువిచ్చినది. మార్చేవారు ఆ అప్పును లెక్కలో వేసుకోవాలి. మా వాడు చివరికి మనవరాలి దీపాన్నే తీసుకొన్నాడు. నాన్నగారి పేరు చిన్న అక్షరాలతో డబ్బా అడుగుకు దిగింది. దీపం పెద్దదై పైకెక్కింది. ఒక సూపర్ మార్కెట్టులో చోటు దొరికింది, మరొకటి ఇంకా పలకలేదు.

మీ ఇళ్ళలోనూ పేరు తెలియకుండా బొమ్మతోనే పిలుచుకొన్న వస్తువులు ఉండే ఉంటాయి. వీలైతే వ్రాయండి. మనవరాలు జాబితా కడుతున్నది.