అగస్త్యుల వారి అనుమతి

ఆడవాళ్ళం మనం రోజుకెన్ని అనుమతులు అడుగుతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? "ఏవండీ, ఒక్కసారి అలా వెళ్ళొస్తాను" అనే మాట పైకి కబురులా ఉంటుంది. లోపలుండేది మాత్రం అర్జీయే. ఆ అర్జీకి ఫారం లేదు, రుసుము లేదు, గడువు తేదీ లేదు. "సరే" అన్నా, "ఇప్పుడెందుకులే" అన్నా ఎవరూ కారణం చెప్పనక్కర్లేదు. ఎక్కడా రాసిపెట్టని రూలుతో ఏమని వాదిస్తాం చెప్పండి?

అందుకే కేరళలో అగస్త్యకూడం కొండ ఎక్కాలంటే పాటించవలసిన నిబంధనల జాబితా చదువుతుంటే నాకు, చెప్పొద్దూ, ముచ్చటేసింది. మా వారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "ఇన్ని షరతులా! దీనికంటే తిరపతిలో దర్శనం నయం" అన్నారు.

ఆ కొండ కేరళ, తమిళనాడు సరిహద్దులో ఉంది. ఎత్తు 1,868 మీటర్లు. తిరువనంతపురం నుంచి 60 కిలోమీటర్ల దూరంలో బోనకాడ్ అనే తేయాకు తోటల ఊరుంది. అక్కడి దాకా బండి మీద, ఆ తరవాత కాళ్ళ మీద. మొదటి రోజంతా నడిస్తే అతిరుమల అనే బస వస్తుంది. రెండో రోజు శిఖరం, మూడో రోజు వెనక్కి. అడవిశాఖ వారు ఏడాదిలో ఒకటి రెండు నెలలు మాత్రమే, అదీ జనవరి ఫిబ్రవరి ప్రాంతంలో, తలుపులు తీస్తారు. నేను వెళ్ళిన ఏడు రోజుకు 100 మందికే టిక్కెట్లు. మా అమ్మాయి కంప్యూటరు ముందు కాచుక్కూర్చుంటే దొరికాయి. ఆలస్యమైతే అంతే సంగతులు!

ఏనుగులు తిరిగే అడవి అది. 2016లో యునెస్కో వారి జీవావరణ క్షేత్రాల జాబితాలో చేరింది. అలాంటి చోటికి సంతకు వచ్చినట్టు జనం వస్తే అడవేం కావాలి? ఆ నూరు అనే అంకె నన్ను చూసి పెట్టింది కాదు, అడవిని చూసి పెట్టింది. అందుకే నాకు కోపం రాలేదు.

మిగతా షరతులు వినండి. 14 ఏళ్ళ లోపు పిల్లలను రానివ్వరు. 18 లోపు వాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. ప్లాస్టిక్ తేకూడదు. మద్యం, పొగ నిషేధం. పూజాసామగ్రి కూడా నిషేధమే. ఒంట్లో ఓపిక ఉన్నదని డాక్టరు చేత వారం లోపల రాయించుకున్న కాగితం చూపించాలి.

ఆ కాగితం కోసం మా వీధి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నాడి చూశారు, రక్తపోటు చూశారు, అంతా దివ్యంగా ఉందన్నారు. కలం తీసి, రాయబోయి ఆగి, "మీ వారు ఒప్పుకున్నారా అమ్మా?" అని అడిగారు.

చూశారా! అడవివాళ్ళ లెక్కలో 18 నిండితే ఎవరి చీటీ అక్కర్లేదు. ఊళ్ళో 46 నిండినా కావాలి. "ఆయనకు కూడా రక్తపోటు చూసి రాయమంటారా?" అన్నాను. ఆయన నవ్వేసి సంతకం పెట్టారు.

ఇంటికొచ్చేసరికి మా అత్తయ్యగారు పసుపు, కుంకుమ, కర్పూరం ఒక పొట్లం కట్టి సిద్ధంగా ఉంచారు. పూజాసామగ్రి తీసుకెళ్ళకూడదు అత్తయ్యా అంటే ఆవిడ తెల్లబోయారు. "దేవుడి కొండకు కర్పూరం వద్దన్నదెవరు?" "రాశారు అత్తయ్యా." "రాశారా? అయితే సరే" అని పొట్లం తీసి దేవుడి గూట్లో పెట్టేశారు. అదేవిటో, నేను చెబితే పది ప్రశ్నలు వేసే మనిషి అచ్చయిన మాటకు మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు!

అచ్చయిన రూలు ఎప్పుడూ మంచిదేనని నా ఉద్దేశం కాదు. ఇదే కొండకు చాలాకాలం ఆడవాళ్ళను వెళ్ళనివ్వలేదు. కొందరు మహిళలు ఆ రూలు పట్టుకుని కోర్టుకు వెళ్ళారు. 2018 నవంబరులో కేరళ హైకోర్టు, ఆడ మగ తేడా చూపడం కుదరదని చెప్పింది. 2019 జనవరిలో రక్షణశాఖ అధికారిణి ధన్యా సనల్ ఆ తీర్పు తరవాత శిఖరం చేరిన మొదటి మహిళ అయ్యారు. కాగితం మీద ఉంది గనకే ఆ రూలును కోర్టు మెట్లెక్కించగలిగారు. "ఇప్పుడెందుకులే" అన్న మాటను ఏ కోర్టుకు లాగుతాం?

ఇంతకీ ఎందుకు వద్దన్నారంటే, అక్కడి నమ్మకంలో అగస్త్యుడు బ్రహ్మచారి. ఈ మాట వినగానే మా అత్తయ్యగారు పకపకా నవ్వారు. "మరి లోపాముద్ర ఏమయిందే?" అన్నారు. నిజమే కదా! భారతంలో ఆ ఇల్లాలు నగలూ నట్రా కావాలంటేనే ఆ మహాముని ధనం కోసం ఇల్వలుడి ఇంటికి వెళ్ళాడు, అక్కడే వాతాపిని జీర్ణం చేసుకున్నాడు. పసిపిల్లల పొట్ట నిమురుతూ మనం వాతాపి జీర్ణం అంటున్నామంటే దాని వెనక ఒక ఆడదాని కోరిక ఉంది!

నవ్వుతూనే బయలుదేరాను. దారిలో నవ్వు కొంచెం తగ్గింది.

ఆ అడవి కాణీలు అనే గిరిజనులది. అగస్త్యుడు వాళ్ళకు ఇలవేల్పు. 1987లో అడవిలోకి వచ్చిన శాస్త్రవేత్తలకు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ మొక్కను చూపించింది వాళ్ళే. తరవాత దానితో జీవని అనే మందు తయారైతే, వచ్చిన సొమ్ములో వాళ్ళకూ వాటా ఇచ్చారు. 2019లో ఆడవాళ్ళు కొండెక్కడం తమ ఆచారానికి విరుద్ధమని బోనకాడ్‌లో నిరసన తెలిపింది కూడా వాళ్ళే.

మాకు దారి చూపిన మనిషి కాణీయే. అట్టయార్ అనే వాగు దగ్గర కూర్చున్నప్పుడు (ఆ పేరు వింటే నాకు అత్తయ్యగారే గుర్తొచ్చారు లెండి), వచ్చీరాని తమిళంలో అడిగాను, "మీ ఇంటి ఆడవాళ్ళు పైకి వెళ్తారా?" అని. లేదన్నట్టు తలాడించాడు. "నేను వెళ్తున్నందుకు కోపమా?" కాసేపు నీళ్ళకేసి చూసి, "మీ దగ్గర చీటీ ఉంది కదమ్మా" అన్నాడు. అందులో కోపం లేదు, మెప్పూ లేదు. ఆ మాట మిగతా దారంతా నాతో నడిచింది.

నన్ను అడక్కుండా రూలు పెట్టారని బాధపడేదాన్ని. వీళ్ళనెవరు అడిగారు? అలాగని ఒకరి నమ్మకం కోసం మన కాళ్ళు కట్టేసుకోవాలా? రెండు ప్రశ్నలూ నిజమైనవే. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

రెండో రోజు చివరి రాతి వాలుల మీద తాళ్ళు పట్టుకుని పైకి చేరాను. ఈదురుగాలి. చుట్టూ మబ్బులు. ఎదురుగా అగస్త్యుల వారి రాతి విగ్రహం. తోటివాళ్ళు ముందుకు నడిచారు. నేను కాస్త దూరంలో ఆగిపోయి అక్కడి నుంచే నమస్కారం పెట్టుకున్నాను. ఎవరూ ఆగమనలేదు. మా దారి చూపిన మనిషి ఆ సంగతి గమనించాడో లేదో కూడా తెలియదు. వెళ్ళడానికి చీటీ ఉంది గనకే ఆగడం నా ఇష్టమైంది. చీటీ లేనినాడు ఆ నాలుగడుగులు ఆగి ఉంటే అది మర్యాద అయ్యేది కాదు, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయినట్టే ఉండేది.

ఇంటికి వచ్చాక వారం రోజులు మెట్లు దిగలేకపోయాను. మా వారు నూనె కాచి ఇచ్చి, "చీటీలో ఇది రాయలేదా?" అని ఎగతాళి చేశారు.

మా అత్తయ్యగారు మాత్రం ఆ రాత్రి నిబంధనల కాగితం తెప్పించుకుని, దీపం కిందకు జరిపి, వేలుపెట్టి మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నారు. ఆవిడకు 74 ఏళ్ళు. చదవడం పూర్తిచేసి, కళ్ళజోడు తీసి, మెల్లిగా అడిగారు:

"14 ఏళ్ళు నిండాలన్నారు సరే. ఇన్నేళ్ళు దాటకూడదని ఎక్కడైనా రాశారంటే?"