ఒంటి కంటి సాధన

పరీక్షా ఫలితాలు చూచుకొని తలవంచుకొనే విద్యార్థులకు మేము విల్లీ ఓరీ కథ చెబుతుంటాము.

మనకు హాకీ అంటే పచ్చిక మైదానం, తెల్ల బంతి. కెనడా వారికి అది గడ్డకట్టిన నీటిపై ఉక్కు అంచుల బూట్లతో రబ్బరు బిళ్ళ వెంట సాగే పరుగు. 1935లో ఫ్రెడరిక్టన్‌లో నల్లజాతి కుటుంబాన జన్మించిన ఓరీ ఎడమ పార్శ్వాన ఆడేవాడు. యౌవనారంభంలోనే ఆ బిళ్ళ తగిలి కుడికంటి చూపు దాదాపు పోయింది. బయటపడితే ఆట ముగిసినట్లే, అందుచేత దాచుకొన్నాడు.

1958 జనవరి 18న బోస్టన్ జట్టు పక్షాన ఆడి, నేషనల్ హాకీ లీగులో అడుగిడిన తొలి నల్లజాతీయుడైనాడు. అయితే అందులో అతనికి దక్కినవి 45 ఆటలు, 4 గోల్స్ మాత్రమే. తరువాతి కాలమంతా ద్వితీయశ్రేణి లీగులలోనే గడచింది. లాస్ ఏంజిలిస్ జట్టులో కుడి పార్శ్వానికి మారాడు. ఆటంతా చూపున్న కంటివైపుకు వచ్చింది. 1964-65లో 38 గోల్స్ చేశాడు. 1979 వరకు, నలుబదియవ పడిలోనూ ఆడాడు.

2018లో హాకీ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించింది. 2022లో బోస్టన్ జట్టు అతని 22వ సంఖ్యను ఇక ఎవరికీ ఇవ్వరాదని నిర్ణయించింది.

"ఆ గౌరవం రాకుంటే?" అని ఒక విద్యార్థి మమ్ము ప్రశ్నించాడు. 1979లో ఆట విరమించినప్పుడు అది వస్తుందని అతనికి తెలియదు, నాయనా! ఉర్దూలో సబ్ర్ అన్నా, తెలుగులో ఓర్పు అన్నా చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. చూపున్న వైపుకు తిరిగి ఆడడం.