అమ్మ ఎక్కగలిగిన బండి

మన మస్కట్ తెలుగు కుటుంబాలకి జూన్ వచ్చిందంటే రెండే దారులు. మనం పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళడం, లేదా అమ్మానాన్నల్ని ఇక్కడికి రప్పించుకోవడం. రెండోదైతే, వాళ్ళొచ్చిన మూడో రోజుకల్లా ఇంట్లో ఒక ప్రశ్న బయల్దేరుతుంది: "ఏ కారు అద్దెకి తీసుకుందాం?" మాది అయిదు సీట్ల కారు. మేం నలుగురం, అమ్మా నాన్నా కలిస్తే ఆరుగురం.

2023లో ఈ ప్రశ్నకి నేను జవాబు వెతికిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వృత్తి ధర్మం కదా, ఎక్సెల్ షీటు తయారుచేశాను! తొమ్మిది బళ్ళు, పదకొండు కాలమ్‌లు. రోజు అద్దె, రోజుకి ఎన్ని కిలోమీటర్లు ఉచితం, డిపాజిట్, ఇన్సూరెన్సు... ఒక్కోదానికి మార్కులు. మొదటి ర్యాంకు ఒక పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వచ్చింది. నిజం చెప్పొద్దూ, 'కొండ దారులు' అన్న కాలమ్‌కి నేనే మార్కులు దండిగా వేశాను. అలాంటి బండి నడపాలని చాన్నాళ్ళ కోరిక. "ఖురియాత్ దాకా తారు రోడ్డే కదండీ" అని మా ఆవిడ ఒక మాట అననే అంది. వినిపించుకోలేదు.

ఖురియాత్ మనకి తొంభై కిలోమీటర్ల దూరంలో, సూర్ వెళ్ళే దారిలో సముద్రపు ఒడ్డున ఉన్న జాలర్ల ఊరు. అమ్మది బాపట్ల. సూర్యలంక తీరం చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి ఆ ఊరు చూపిద్దామని నా ఆలోచన. బయల్దేరే రోజు పొద్దున్నే బండి తలుపు తీస్తే, సీటు అమ్మ నడుము కంటే పైన ఉంది. కింద ఫుట్‌బోర్డు లేదు. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. వాచ్‌మన్ పరుగెత్తుకెళ్ళి ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు. నేను చంకల కింద చేతులు వేసి లేపాను, మా అబ్బాయి వెనక నుంచి తోశాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది.

వాదీ దయ్ఖా డ్యామ్ దగ్గర అందరం దిగాం. అమ్మ దిగలేదు. "ఏసీ వేసి వెళ్ళండిరా, ఇక్కణ్ణించే కనిపిస్తోందిగా" అంది. చేపల మార్కెట్ దగ్గరా అదే మాట. ఎండకి భయపడుతోంది కాబోలు అనుకున్నాను.

2025 జూన్‌లో వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఖురియాత్ అనగానే "మీరు వెళ్ళిరండి నాన్నా, నేను ఇంట్లో ఉండి వంట చేసి పెడతా" అంది అమ్మ. నేను సరే అనేవాణ్ణే. కానీ మా పదకొండేళ్ళ అమ్మాయి పాత ఫోటోలు తీసి కూర్చుంది. ఆనాటి ఫోటోల్లో నానమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. ఒక ఫోటోలో మాత్రం కారు అద్దం వెనక చీర కొంగు కనిపిస్తోంది. "నానమ్మకి ఎండంటే భయం కాదు డాడీ. అప్పుడు బండి ఎక్కించేటప్పుడు మీరంతా నవ్వారు కదా" అంది. పదకొండు కాలమ్‌ల షీటులో లేని కాలమ్ అది.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక అమ్మనీ నాన్ననీ తీసుకుని రువీలో అద్దె కార్ల ఆఫీసుకి వెళ్ళాను. "నేనెందుకురా అక్కడికి" అని అమ్మ నసుగుతూనే వచ్చింది. పెద్ద బండిని చూసి తల అడ్డంగా ఊపింది. ఎత్తు లేని బండైతే సులువనుకుని ఒక సెడాన్ చూపించాను. కూర్చోవడం బాగానే కూర్చుంది గానీ లేవడం మహా కష్టమైంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఎత్తు ఎంత ఇబ్బందో పల్లమూ అంతే ఇబ్బందని నాకు అప్పుడే తెలిసింది. మూడోది ఏడు సీట్ల ఫ్యామిలీ బండి. అమ్మ తలుపు వైపు వీపు పెట్టి ముందు కూర్చుంది, తర్వాత రెండు కాళ్ళూ ఒక్కసారే లోపలికి తిప్పుకుంది. పక్కనున్న పిడి పట్టుకుని చూసింది. "ఇది మన మంచమంత ఎత్తుందిరా" అంది.

ఈలోగా నాన్న చివరి వరసలోకి దూరి "ఏసీ వెయ్యవయ్యా" అని కేక పెట్టారు. ఆఫీసులో ఉన్న మలయాళీ కుర్రాడు నవ్వుకుంటూ ఇంజను ఆన్ చేశాడు. ఈ దేశంలో ఇది చూడాల్సిన విషయమేనండోయ్. కొన్ని ఏడు సీట్ల బళ్ళలో చివరి వరసకి చల్లగాలి అందదు. పిల్లలు అక్కడే కూర్చుంటారు! దీంట్లో కప్పు దగ్గర గాలి వచ్చే రంధ్రాలున్నాయి. టైర్లు నేను చూశాను. పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. ఇక్కడి వేడికి పాత రబ్బరు పగుళ్ళిస్తుంది. బండి చుట్టూ గీతలన్నిటికీ ఫోటోలు తీసుకున్నాను. కాగితంలో చిన్న అక్షరాల్లో మరో ముక్క ఉంది: వాదీలో, మట్టి దారుల్లో దెబ్బ తింటే ఇన్సూరెన్సు వర్తించదు. మా అబ్బాయి ముఖం వాడిపోయింది. వాదీలో నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళాలని వాడి ఆశ. పారుతున్న వాదీని దాటడం ఇక్కడ చట్టరీత్యా నేరమని చెప్పినా వాడి అలక తీరలేదు. ఆ మాటకొస్తే నా అలకా తీరలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. 2018 జూన్‌లో ఇదే ఖురియాత్‌లో ఒక రోజంతా, రాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందకి దిగలేదు. ప్రపంచమంతా వార్తయింది. అందుకే ఆ తొందర. అమిరాత్ దాటాక 120 మీదికి వెళ్ళినప్పుడల్లా గల్ఫ్ బళ్ళ అలవాటు ప్రకారం కారు టింగుటింగుమంటుంటే నాన్న లెక్కపెట్టారు. నాలుగుసార్లు.

రేవు దగ్గర ఆగాం. నీళ్ళ పక్కన రాతి మీద కాపలా బురుజు. 1507లో పోర్చుగీసు అల్బుకెర్కీ ఈ ఊరిని తగలబెట్టాడని మా అమ్మాయి నానమ్మకి పాఠం చెబుతోంది. అమ్మ దృష్టి మాత్రం చేపల మీదే! నేను చెయ్యి అందించబోతే "నువ్వు జరుగు" అని రెండు కాళ్ళూ బయటికి తిప్పి, పిడి పట్టుకుని దిగింది.

మార్కెట్‌లో ఒక వంజరం ముందు ఆగి మొప్పలు ఎత్తి చూసింది. అమ్మే ముసలాయన "జైన్, జైన్" అంటున్నాడు. అమ్మకి అరబ్బీ రాదు, ఆయనకి తెలుగు రాదు. వేళ్ళతోనే బేరం ఆడుకున్నారు. అర రియాల్ తగ్గించాడు. "సూర్యలంకలో ఇంత సులువుగా తగ్గరు" అంది నాతో, గర్వంగా.

డ్యామ్ దగ్గరికి చేరేసరికి ఎనిమిది. 2012లో ప్రారంభమైన ఈ డ్యామ్‌లో పది కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళు పడతాయని నాన్న బోర్డు చదివి వినిపించారు. ఎర్ర కొండల మధ్య ఆ పచ్చటి నీళ్ళు చూస్తూ అమ్మ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. మా అమ్మాయి ఫోటోలు తీస్తూనే ఉంది.

మర్నాడు బండి తిరిగి ఇస్తే ఆ మలయాళీ కుర్రాడు తలుపు తీసి ముక్కు మూసుకున్నాడు. చేప ఐసు కరిగి వెనక కార్పెట్టు తడిసింది. కడిగించినందుకు అయిదు రియాళ్ళు కట్టాను. "చేప కంటే అదే ఎక్కువైంది" అంది మా ఆవిడ. పులుసు మాత్రం రెండు రోజులు తిన్నాం.