పదిహేను కంప్యూటర్లు, ఒక్క 'హా'

నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో పదహారు కంప్యూటర్లున్నాయి. సవాబ్ కోసం ఎవరో ఇచ్చినవి. అన్నీ ఒకే మోడల్. కానీ ఒక్కోటి ఒక్కో తీరుగా బీమార్ పడ్డాయి. ఒకదాంట్లో వైరస్, ఇంకోదాంట్లో ఉర్దూ కీబోర్డు మాయం, మరోదాంట్లో నస్తాలీఖ్ ఫాంటు లేక అక్షరాలన్నీ డబ్బాలు. "అఖ్బార్‌లో పనిచేస్తున్నావు కదా బేటా, ఏదైనా తద్బీర్ చెప్పు" అని హెడ్మాస్టర్ సాబ్ ఫోన్ చేశారు.

నాకేం తెలుసు? తెలిసింది మా భాంజాకి. సెలవుల్లో వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను.

"మామూ, ఒక్కోదానికీ విండోస్ వేస్తూ కూచుంటే వారం పడుతుంది. ఒకదాన్ని అసల్‌గా తయారుచేద్దాం, మిగతావి దాని నకల్" అన్నాడు. ఒక కంప్యూటర్లో ఉర్దూ, తెలుగు కీబోర్డులు, ఫాంట్లు, ప్రింటరు అన్నీ సర్దాడు. తర్వాత సిస్‌ప్రెప్ నడిపాడు. అదెందుకురా అంటే, "ప్రతి విండోస్‌కీ సొంత గుర్తింపు నంబరుంటుంది. అది తీసేయకుండా నకల్ చేస్తే అందరికీ ఒకటే ఆధార్ కార్డు ఇచ్చినట్టు" అన్నాడు.

ఆ డిస్క్‌ను క్లోన్‌జిల్లాతో ఇమేజ్ తీశాడు. తైవాన్ వాళ్లు ముఫ్త్‌గా పంచుతున్న సాఫ్ట్‌వేర్ అది. ఖాళీ జాగా వదిలేసి, డేటా ఉన్నంతవరకే కాపీ చేస్తుంది. మిగతా పదిహేనింటినీ సొంత డిస్క్ నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి లేచేలా పెట్టాడు. పీఎక్స్ఈ బూట్ అంటారట. ఇక మల్టీకాస్ట్ అచ్చం మన ఇమ్లా లాంటిదే. ఉస్తాద్ ఒక్కసారే చదువుతారు, క్లాసంతా ఒకేసారి రాసుకుంటుంది.

'ఈ డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?' అని అడిగింది మెషీన్. భాంజా నావైపు చూశాడు.

"పిల్లలవేమైనా ఉన్నాయేమో మామూ?"

"గేములు తప్ప ఏముంటాయిరా. హా, కొట్టు."

అసర్ వేళకి పదిహేనూ ఒకేలా వెలిగాయి. మహా ఖుషీగా ఇంటికొచ్చాం.

బడి తెరిచిన రోజు హెడ్మాస్టర్ సాబ్ మళ్లీ ఫోన్. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకటే ఏడుపట. ఏడో నంబరు కంప్యూటర్లో వాళ్ల నానీ చెప్పిన కహానీలు టైపు చేసుకుంది. దక్కనీ మాటలు ఉర్దూ లిపిలో, పక్కనే తెలుగులో అర్థం. రెండేళ్ల మెహనత్.

భాంజా రికవరీకి కూచున్నాడు. పాతదాని మీద కొత్త ఇమేజ్ రాసేసింది. దొరికింది రెండు పేజీల ముక్కలు. వాటిని ప్రింట్ తీసుకుని మాఫీ అడగడానికి వెళ్లాను.

"ఫర్వాలేదు సర్, నానీ ఉంది కదా, మళ్లీ అడుగుతా" అంది. కాసేపాగి, "కానీ ఆమె ప్రతిసారీ వేరేగా చెబుతుంది" అంది.

ఇంటికొచ్చేదాకా అదే మాట. రెండు జబాన్లూ చదువుకున్నవాణ్ణి, రాతే రోజీగా బతుకుతున్నవాణ్ణి. మా నానీ చెప్పిన ఒక్క కహానీ కూడా నేను రాసిపెట్టలేదు. ఆ పిల్ల రాసింది, నేను చెరిపేశాను.

ఇప్పుడా ల్యాబ్‌లో ఒక రిజిస్టరు ఉంది. ఇమేజ్ వేసేముందు తన ఫైళ్లు భద్రంగా ఉన్నాయని ప్రతి పిల్లా దస్తఖత్ చేయాలి. సర్వర్లో ప్రతి ఒక్కరికీ విడిగా ఫోల్డరుంది, దాని జోలికి ఏ ఇమేజూ వెళ్లదు. మెషీన్ బడిదే. లోపలున్నది మాత్రం అమానత్. ఎవరిదో వాళ్లే హా అనాలి.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మీ పక్కన ఫోన్ పెట్టి, రికార్డర్ నొక్కి కూచున్నాను.