పెరట్లో పనిపాక

రాజమండ్రిలో బస్సు ఎక్కి గోకవరం మీదుగా ఉత్తరంగా వెళితే పొలాలు వెనకబడి, కొండలు ఎదురుగా లేచి వస్తాయి. ఆ కొండల మొదట్లో ఉన్న ఊరు రంపచోడవరం. 2022 వరకు అది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. 1879లోనూ, మళ్లీ 1922 నుంచి 1924 వరకూ ఈ రంప కొండలవాళ్లు తెల్లదొరల మీద తిరగబడిన సంగతి మీరు చదివే ఉంటారు. ఇవాళ మాత్రం మనం వచ్చింది ఆ కథ కోసం కాదు. ఒక ఇంటివాళ్లు తమ పెరట్లో పాక ఎలా వేసుకుంటారో చూద్దాం, రండి!

రంపచోడవరం దాటి మారేడుమిల్లి దారి పట్టగానే రోడ్డు మలుపులు తిరుగుతుంది. రోడ్డు వదిలి కాలిబాటన కొంత దూరం నడిస్తే కొండరెడ్ల పల్లె వస్తుంది. కొండరెడ్ల మాట తెలుగే, కాబట్టి మనకు దుబాసీ అవసరం లేదు. వెదురుతో బుట్టలు, చేటలు, తట్టలు అల్లటంలో వాళ్లది మంచి చెయ్యి.

ఇల్లు చిన్నది. తడికె గోడలకు మట్టి మెత్తి, పైన గడ్డి కప్పారు. లోపల పొయ్యి, ధాన్యం, పడకా అన్నీ పోగా, పది అడుగుల వెదురును అటూ ఇటూ తిప్పటానికి చోటేదీ? పోనీ వాకిట్లో కూర్చుని చీల్చుకోవచ్చుగా అంటారేమో. ఎండలో పెడితే వెదురు బద్దలు బిరుసెక్కి, వంచగానే పెళుక్కున విరుగుతాయి. వానలో తడిస్తే అల్లిన బుట్టకు బూజు పడుతుంది. నీడా ఉండాలి, గాలీ ఆడాలి. అందుకే ఇంటి వెనక గోడలు లేని పాక వేస్తారు. కమ్మరికి కొలిమి ఎలాగో వీళ్లకు పనిపాక అలాగ.

ఇప్పుడు రోహిణి కార్తె. పాత పాక నిరుటి గాలివానకు ఒరిగిపోయింది. మృగశిర కార్తె వచ్చి వానలు పట్టేలోగా కొత్త కప్పు పడాలి. వానకాలంలో కొండపంటలు ఇంకా చేతికి రావు. గాదెలో గింజలు అడుగంటుతాయి. అప్పుడు సంతకు తీసుకుపోయి నాలుగు చేటలు అమ్మితేనే ఉప్పూ, నూనే, బియ్యమూ ఇంటికి వస్తాయి. కప్పు లేకపోతే చేటలూ లేవు. పైగా ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లలిద్దరూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చారు. బడి తెరిచారంటే సాయం చెయ్యటానికి చేతులు తక్కువవుతాయి.

పని ఇప్పుడు మొదలయిందనుకోకండి. చలికాలంలోనే మొదలయింది. వెదురును వానకాలంలో కొట్టరు. అప్పుడు కొత్త పిలకలు నేలలోంచి లేస్తుంటాయి. వెదురు నిజానికి చెట్టు కాదు, గడ్డి! పిలక నేలలోంచి వచ్చేటప్పుడే పూర్తి లావుతో వస్తుంది, ఒక్క వానకాలంలోనే ఎత్తంతా ఎదుగుతుంది. ఆ తరువాత లావెక్కదు, పొడుగెక్కదు. మూడు నాలుగేళ్ల పాటు గట్టిపడుతుందంతే. వాసాలకు ఆ ముదురు వెదురు కావాలి. అల్లికకయితే ఏడాది రెండేళ్ల లేత వెదురు మేలు, చక్కగా వంగుతుంది. కొట్టేటప్పుడు కణుపుకు సరిగ్గా పైన కొట్టాలి. కణుపు మీద గొట్టం మిగిలితే అందులో వాననీళ్లు నిలిచి మొదలు కుళ్లిపోతుంది.

కొట్టిన వెదుళ్లను రెండు మూడు వారాలు వాగులో ముంచి, రాళ్లు బరువు పెట్టారు. ఎందుకో తెలుసా? వెదురులో పిండిపదార్థం, చక్కెర ఉంటాయి. పుచ్చు పురుగుకు అవే విందు. వాగునీరు ఆ తీపిని కొంత కడిగివేస్తే పురుగుకు ఆశ తగ్గుతుంది.

గుంజలకు మాత్రం వెదురు పనికిరాదు, నేలలో ఉంటే త్వరగా చీకిపోతుంది. గట్టి కర్రలే కావాలి, వాటి కొసన పంగ ఉండాలి. నడుమ రెండు చివర్లా రెండు నిట్టాళ్లు, అటు మూడు ఇటు మూడు పక్కగుంజలు. తండ్రి రెండేసి అడుగుల గోతులు తవ్వుతూ ఉంటే, గుంజల మొదళ్లను తాత మంటలో తిప్పి తిప్పి నల్లగా కాల్చాడు. బొగ్గును చెదలు తినవు. అయినా కొన్నేళ్లకు గుంజలు మార్చక తప్పదనుకోండి.

ఇక్కడ మీకొక లెక్క. నేల మీద నిట్టాడు ఎత్తు తొమ్మిది అడుగులు, పక్కగుంజ ఎత్తు అయిదు అడుగులు. నిట్టాటికీ పక్కగుంజలకూ మధ్య దూరం నాలుగు అడుగులు. కప్పు వాలు ఎన్ని డిగ్రీలు? నాలుగు అడుగులు అడ్డానికి నాలుగు అడుగులు దిగింది కాబట్టి సరిగ్గా 45! తాత కోణమానిని ఎన్నడూ చూడలేదు. కాని వాలు తక్కువయితే నీళ్లు గడ్డిలోకి ఇంకుతాయని ఆయనకు బాగా తెలుసు. చూరు గుంజలను దాటి కిందికి దిగుతుంది గనక పెద్దవాళ్లు వంగి లోపలికి రావాలి. ఏటవాలు జల్లు మాత్రం లోపలికి రాదు.

నిట్టాళ్ల పంగల్లో వెన్నుదూలం, దాని మీది నుంచి వెదురు వాసాలు, వాసాలకు అడ్డంగా పెండెలు. కట్టటానికి మేకు ఒక్కటి కూడా లేదు. అడ్డతీగ నారతో కట్టారు. విస్తళ్లు కుట్టే అడ్డాకు ఈ తీగదే. పచ్చినార తాడులాగా వంగుతుంది, ఎండితే కట్టు బిగుసుకుపోతుంది. రంపచోడవరానికి తూర్పున అడ్డతీగల అనే పేరుతో ఒక ఊరే ఉన్నది!

గడ్డి కప్పే రోజున ఇరుగుపొరుగులు కూడా వచ్చారు. కూలి లేదు, బదులు పని. ఇవాళ వీళ్ల కప్పు, రేపు వాళ్ల కప్పు. మధ్యాహ్నం అందరికీ చోడి అంబలి. తల్లి కోసి ఆరబెట్టిన గడ్డిని పిల్లలు కట్టలు కట్టి పైకి అందిస్తున్నారు. కప్పటం చూరు దగ్గర మొదలుపెట్టి వెన్ను దాకా పోవాలి.

"తాతా, పైనుంచి మొదలుపెడితే ఏం?" అని మనవరాలు అడిగింది.

"చేపను చూశావా? పొలుసులు ఎటు ఉంటాయే? పై వరస కింది వరస మీద కూర్చోవాలి. లేకపోతే నీళ్లన్నీ నీ నెత్తినే!" అన్నాడు తాత.

సాయంత్రానికి కప్పు పడింది. తల్లి నేలను జానెడు ఎత్తున మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికింది. చుట్టూ వాననీరు పోవటానికి చిన్న బోదె తీశారు.

ఈ పాకలో చెయ్యని పని లేదు. చింతపండు గింజలు తీయటం, కొండచీపుళ్లు కట్టలు కట్టటం కూడా ఇక్కడే. అటువంటి అడవి సరుకు కొనటానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. వెదురు విషయంలో మాత్రం చాలాకాలం ఒక చిక్కు ఉండేది. వెదురు గడ్డిజాతి అని శాస్త్రం చెబుతుంటే, మన దేశపు 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్లలో కలిపింది. రాజమండ్రి కాగితం మిల్లుకు కొండల వెదురు లారీలకు లారీలు వెళ్లేది. తట్టలు అల్లేవాడికి ఒక మోపు కోసం భయం. 2006 నాటి చట్టం, అడవిలో ఉండేవాళ్లు సేకరించుకోగల చిన్న అటవీ ఫలసాయాల్లో వెదురును చేర్చింది. 2017లో, అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసివేశారు. గడ్డిని గడ్డి అని ఒప్పుకోవటానికి తొంభై ఏళ్లు పట్టింది!

మృగశిర కార్తె మొదటి వాన పడేనాటికి తాత పాకలో కూర్చుని ఉన్నాడు. కప్పులోంచి ఒక్క చుక్క కారలేదు. మనవరాలి చేతికి కత్తి ఇచ్చి వెదురు చీల్చమన్నాడు. చీలిక మూడో కణుపు దాకా బాగానే వచ్చి, ఆ తరువాత ఒక పక్కకు పారిపోయింది. ఒక బద్ద మందం, ఒక బద్ద పలచన.

"పలచని వైపు లాగకు. మందంగా ఉన్న వైపును వంచు, చీలిక దానంతటదే నడుముకు వస్తుంది," అన్నాడు తాత.

రెండో వెదురు తొమ్మిది కణుపుల దాకా సమంగా చీలింది. మొదటిదాన్ని పారవెయ్యలేదు. తల్లి దాన్ని తీసుకుపోయి బీరపాదు పక్కన నాటింది.